కట్టెయ్యని కుక్క

దొరలు ఊరు విడిచి తమ దేశానికి వెళ్లిపోయేటప్పుడు కుక్కల్ని కాల్చేసి వెళ్లేవారు. వేలూరు బంగళాల్లో పనిచేసిన వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. పరాయి చేతుల్లో పడి ఆకలితో మాడి చావడం కన్నా తుపాకీ గుండుకు పోవడమే మేలని వాళ్ల ఆలోచన. మా నాయనకు ఆ ఆలోచన గిట్టలేదు. గిట్టకపోబట్టే మా ఇంటికి నాలుగు దొరకుక్కలు వచ్చాయి. ఆ తర్వాత జరిగిందంతా జరిగింది.

నాయన గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినవాడు. వేలూరులో ఒక దొర గొర్రెల పిచ్చితో కనియంబాడి దారిలో కొంత నేల తీసుకుని, ఓడ మీద తన దేశపు ఉన్ని గొర్రెల్ని తెప్పించాడు. వాటి వెనకే వాటిని కాసే కుక్కలు కూడా వచ్చాయి. గొర్రెలు మా ఎండలకు ఒక్క వేసవి కూడా తట్టుకోలేదు. కుక్కలు తట్టుకున్నాయి. ఇక దొర నాటు గొర్రెల మీద పడ్డాడు. వాటి తీరు తెలిసినవాడు కావాలి కాబట్టి నాయనకు అక్కడ పని దొరికింది. ఆయన వేలూరులో ఉండేవాడు, మేము గుడియాత్తం పక్కన మా పల్లెలో ఉండేవాళ్లం. పండక్కీ పబ్బానికీ వచ్చేవాడు.

దొర ఆయనకు నేర్పింది ఒకటే విద్య, ఈల వెయ్యడం. నోట్లో రెండు వేళ్లు పెట్టి సాగదీసి ఒకటే ఈల వేస్తే కుక్క ఎక్కడున్నది అక్కడే పడుకోవాలి. రెండు పొట్టి ఈలలు వెంట వెంట వేస్తే, చుట్టు తిరిగి ముందుకు పోయి, మందను వెనక్కి మళ్లించి ఈల వేసినవాడి దగ్గరికి తోలుకురావాలి. మొరగడం లేదు, కరవడం లేదు. నేలకు పొట్ట ఆనించి కళ్లతో చూస్తుంది, అంతే. ఆ చూపుకే గొర్రె వెనక్కి తిరుగుతుంది. చాలా ఏళ్ల తర్వాత ఒక పశువుల డాక్టరు నేను చెప్పిందంతా విని, వాటిని బోర్డర్ కోలీలంటారమ్మా అన్నాడు. మాకు అప్పట్లో అవి దొరకుక్కలే.

జర్మనీ యుద్ధం వచ్చింది. దొర పటాలంతో పోయాడు, మరి తిరిగి రాలేదు. దొరసాని సామాన్లు సర్దుకుంది. యుద్ధకాలపు ఓడలో కుక్కలకు చోటు లేదన్నారట. గుర్రాల డాక్టరును తుపాకీతో రమ్మని కబురు పంపింది. నాయన ఆమె కాళ్ల ముందు తలపాగా పెట్టి కుక్కల్ని తనకిమ్మని అడిగాడు. ఆమె ఏడ్చి ఇచ్చింది. ఏడ్చిందనే నేనూ నమ్ముతాను. ఏడుస్తూనే చంపించే మనుషుల్ని తర్వాత నా ఇంట్లోనే చూశాను.

పనిపోయిన మనిషి ఇంటికి ఏం తెస్తాడు? మా నాయన ఎద్దులబండి వెనక తాడు కట్టి నాలుగు కుక్కల్ని తెచ్చాడు. నలుపూ తెలుపూ బొచ్చు, మెడ చుట్టూ తెల్లటి జూలు, కుచ్చుతోకలు. పల్లెలో పిల్లలంతా బండి వెంట పడ్డారు. అమ్మ గుమ్మంలోనే నిలబడి చూసింది.

"తా దూర కంత లేదంట, మెడకో డోలంట. మనకే సంగటి చాలకుండా ఉండాది, వీటికేం పెట్టేది?" అంది.

"నేను తినేదాంట్లోనే పెడతానులే," అన్నాడు నాయన.

"నువ్వు తినేది ఎవరు వండుతారు?"

నాయన బండి వెనక తాడు విప్పాడు. కుక్కలు ఇంట్లోకి వచ్చేశాయి.

మా ఇల్లంటే ఒక గది, ఒక వసారా, ముందు మట్టిగోడ కట్టిన వాకిలి, వెనక గొర్రెల దొడ్డి. అందులో నాయన, అమ్మ, నేను, నా చెల్లెలు, ఇప్పుడీ నాలుగు. దొర పెట్టిన పేర్లు మాకు నోరు తిరగలేదు. అమ్మ అసలు తిప్పడానికి కూడా ప్రయత్నించలేదు. చూసిన గుణాన్ని బట్టి పిలిచింది, మేమూ అలాగే పిలిచాం.

ముసల్ది మిగతా వాటిలో రెండిటికి తల్లి. అది వచ్చిన రోజే గడప పక్కన చోటు చూసుకుని కూర్చుంది, ఇంటి పెత్తనం తనదన్నట్టు. ఎవరు లోపలికి రావాలో ఎవరు రాకూడదో అదే నిర్ణయించేది. నాయన మీద అమ్మ గొంతు లేస్తే లేచి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడేది. "నాకు అత్త లేని కొరత తీరింది," అనేది అమ్మ. కానీ సంగటి ముద్ద మొదట దానికే పెట్టేది.

పిరికిది మా చెల్లెలిది. ఉరిమితే వణుకు, పిడక విరిగితే వణుకు, మబ్బు పడితే ముందే గాదె వెనక దూరేది. దాన్ని బయటికి రప్పించడానికి చెల్లెలు కూడా దూరేది. ఇద్దరినీ కలిపి లాగాల్సి వచ్చేది.

గాజుకన్ను నాది. దానికి ఒక కన్ను గోధుమరంగు, ఒక కన్ను నీళ్లరంగు. పనంటే దానికి ఒళ్లు వంగదు, దొంగతనానికి మాత్రం తెల్లారకముందే లేస్తుంది. అమ్మ పెంచే కోళ్లను ఒక మూలకు తోలి సరదా చూసేది. ఊరి పెద్ద ఇంటి చూరు కింద దండగా కట్టిన ఎండుచేపల్ని దండతో సహా ఎత్తుకొచ్చి నా ఒళ్లో పెట్టింది ఒకసారి. నాకు వీపు విమానం మోత మోగింది. ఊళ్లో ఆ కన్నంటే భయం కూడా ఉండేది. చూలింత ఆ కంటపడకూడదని, పాలిచ్చే ఆవు ఆ కంటపడితే పాలు విరుగుతాయని అనేవాళ్లు. ఆ కంటికి నేనొక్కదాన్నే ముద్దుపెట్టేదాన్ని. నాకేం కాలేదు.

ఇక నల్లోడు నాయన కుక్క. తెలుపు తక్కువ, నలుపు ఎక్కువ, అందుకని ఆ పేరు. మమ్మల్నెవరినీ పట్టించుకునేవాడు కాదు. పొద్దస్తమానం నాయన నోటివైపే చూపు. పడుకోమంటే పడుకుంటాడు, తెమ్మంటే తెస్తాడు, ఈల లేకుండా అడుగు తియ్యడు. ఒకసారి నాయన వాణ్ణి చేను గట్టున పడుకోమని ఈల వేసి, ఎవరో పిలిస్తే గుడియాత్తం సంతకు పోయాడు. వాడి సంగతే మరిచిపోయాడు. వాన కొట్టింది. సాయంత్రం వెళ్లి చూస్తే గట్టు పక్క నీళ్లలో ముక్కు మాత్రం పైకి పెట్టుకుని అక్కడే పడుకుని ఉన్నాడు. నాయన ఆ కథ ఊరందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

"అది మంచితనం గాదు, మొద్దుతనం," అనేది అమ్మ. "బుద్ధుండేది ఏదైనా లేచి గట్టెక్కతాది."

అమ్మ మాట సరైనదే. కానీ ఆ మొద్దుతనమే మాకు కూడు పెట్టింది. కొండ కింది పల్లెల్లో గొర్రెల్ని పోగుచేసి వేలూరు కసాయివాళ్లకూ, తోలుషాపుల సాయిబులకూ తోలే పని నాయనకు దొరికింది. తక్కినవాళ్లు మందకు ముందొకడు వెనకొకడు, పక్కన ఇద్దరు, గొంతు పోయేలా అరుస్తూ నడిచేవారు. నాయన ఒక్కడే, నల్లోడితో, తువ్వాలు భుజాన వేసుకుని నడిచేవాడు. ఒక్క గొర్రె తప్పేది కాదు. ఒక్క చేను పాడయ్యేది కాదు. సాయిబులు ఆయన్నే పిలిచేవారు. యుద్ధం రోజుల్లో బియ్యం, గుడ్డ, కిరసనాయిలు అన్నీ మండిపోతున్నప్పుడు కూడా మా ఇంట్లో పొయ్యి ఆరలేదంటే అది నల్లోడి పుణ్యమే. అమ్మకు ఆ సంగతి నాయన కన్నా బాగా తెలుసు.

మా పక్క పంటలు ఇంటికొచ్చాక ఎద్దులు విడిచే పండగ చేస్తారు. వీధికి రెండు వైపులా తాటిదుంగలు కట్టి, వీధి మొదట్నుంచి ఎద్దుల్ని ఒక్కొక్కటిగా విడుస్తారు. ఏది ఎక్కువ జోరుగా వీధి దాటిపోతే దానికి పేరు. ఎద్దు దాటిపోగానే దుంగల వెనకున్న జనమంతా వీధిలోకి దూకి దాని వెనక పరుగెత్తుతారు. ముందుకు పోయిన ఎద్దు వెనక్కి రాదని అందరికీ తెలుసు. పుట్టినప్పట్నుంచీ అదే చూశారు.

మా అమ్మకు ఒక్కడే తమ్ముడు. తల్లి చిన్నప్పుడే పోతే అమ్మే చంకనేసుకుని పెంచింది. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేవాడు, పూటపూటా మా ఇంట్లోనే తినేవాడు. మీసం కొత్తగా వచ్చిన మనిషి, దానికి చేసే సేవ చూసి అమ్మ "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అని ఎత్తిపొడిచేది. ఆ నూనె కూడా తనే ఇచ్చేది. మామకు ఒక ఎర్రెద్దు. పత్తిగింజలూ ఉలవలూ తను తినకుండా దానికి పెట్టి, ఏటి ఇసుకలో పరుగెత్తించి, ఆ ఏడు ఊళ్లో పేరంతా తనదే అన్నట్టు తిరిగాడు.

పండగనాడు నాయన కుక్కల్ని కట్టేశాడు. గాజుకన్నును బంగళా నుంచి తెచ్చిన గొలుసుతో వసారా స్తంభానికి కట్టాడు. పిరికిదాన్ని గదిలో పెట్టి చెల్లెల్ని తోడుంచాడు. ముసల్ది గడప వదిలి ఎలాగూ కదలదు. నల్లోణ్ణి వాకిట్లో పడుకోమని సాగదీసి ఒక ఈల వేశాడు. వాడు పడుకున్నాడు.

"వాణ్ణి కట్టెయ్యవా?" అడిగింది అమ్మ, తలలో పూలు తురుముకుంటూ.

నాయన నవ్వాడు. "వాణ్ణి కట్టేసేది నా ఈల. అది నా నోట్లోనే ఉండాది. యాడికి పోతాడు?"

ఆ ఏడే నేను పెద్దమనిషినయ్యాను. అందుకని గుంపులోకి పోవద్దన్నారు. అమ్మ ఎవరి మిద్దె మీదికో వెళ్లింది, నాయన వీధిలోకి వెళ్లాడు. నేను వసారాలో గాజుకన్ను తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఒళ్లంతా కోపం. పండగ శబ్దాలు మాత్రం గోడ దాటి వచ్చేవి. పలక డప్పులు మోగాయి. మొదటి ఎద్దును విడిచినట్టున్నారు, ఊరు ఊరంతా ఒక్కసారి అరిచింది. తర్వాత ఈలలు మొదలయ్యాయి.

పడుచువాళ్లు వందమంది నోట్లో వేళ్లు పెట్టుకుని ఈలలు వేస్తారు, ఆ పండగ ఆనందమే అది. ప్రతి ఏడూ వేస్తారు. మా నాయన కూడా చిన్నప్పట్నుంచీ ఆ ఈలల మధ్యే పెరిగాడు. అందుకే ఆయనకు ఆ సంగతి తట్టలేదు. అన్నం తినేవాడికి అన్నం వాసన తెలియదు.

నల్లోడు చెవులు నిక్కించాడు. ఎవరో సాగదీసి ఈల వేశారు, వాడు నేలకు ఇంకా అణిగిపోయాడు. ఇంకెవరో రెండు పొట్టివి వేశారు, లేచాడు. మళ్లీ సాగదీసిన ఈల, పడుకున్నాడు. లేవడం, పడుకోవడం, లేవడం, పడుకోవడం. వాడి కాళ్లు వణకడం నేను చూశాను. నోటి వెంట నురగ వచ్చింది. నేను పిలిచాను, వాడు నా వైపు చూడనైనా లేదు. గాజుకన్ను లేచి గొలుసు లాగుతూ వాడికేసి మూలిగింది. అప్పుడు వీధి మొదట్నుంచి రెండు పొట్టి ఈలలు పెద్దగా, స్పష్టంగా వినిపించాయి. నల్లోడు మట్టిగోడ మీద నుంచి అవతలికి దూకాడు. కాలు గోడకు తగిలినట్టు కూడా లేదు.

తర్వాత జరిగింది చూసినవాళ్లు చెప్పారు. ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెప్పినా అన్నిట్లోనూ ఒకటే ఉంది. వీధిలో పరుగెడుతున్నది మామ ఎర్రెద్దు. ఏదో నల్లటిది దుంగల సందులోంచి వచ్చి, ఎద్దును దాటి ముందుకు పోయి, దుమ్ములో పొట్ట ఆనించి పడుకుని దాని ముఖంలోకి చూసింది. మనిషికి, పలకకు, కర్రకు బెదరని ఎద్దు ఆ చూపుకు ఆగిపోయింది. ఆగి, వెనక్కి తిరిగింది. అప్పటికే జనం మామూలుగా వీధిలోకి దూకేశారు. అందరికన్నా ముందున్నది మామే, ఎద్దును పట్టుకోవడానికి చేతిలో తాడుతో. కొమ్ము కూడా తగల్లేదట. పత్తిగింజలు పెట్టి పెంచిన ఎద్దు ఆయన మీదుగా నడిచి వెళ్లింది.

నల్లోడు ఎద్దును తప్పకుండా తోలుకొచ్చాడు. వీధి మొదటిదాకా, ఈల వేసిన వాళ్ల కాళ్ల దాకా తోలుకొచ్చాడు. నాయన సాగదీసి ఈల వేస్తూనే ఉన్నాడట, అంత గోలలో ఒక్కడి ఈల ఎక్కడ వినిపిస్తుంది? జనం కేకలతో చెదిరిపోయి, ఈలలన్నీ ఆగిపోయాక నాయన ఈల ఒక్కటే మిగిలింది. అప్పుడు నల్లోడు వెంటనే పడుకున్నాడు. దుమ్ము అణగకముందే నాయన వాణ్ణి మెడపట్టి సందుల్లోంచి ఇంటికి తెచ్చి, దొడ్లో పలుపుతో గుంజకు కట్టేశాడు. నా వైపు చూడలేదు. మళ్లీ పరుగెత్తుకుంటూ వెళ్లిపోయాడు.

మామను బండిలో గడ్డి పరిచి పడుకోబెట్టి వేలూరు ఆస్పత్రికి బయల్దేరారు. అమ్మ ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. దారిలో పళ్లికొండ చేరకముందే బండిని వెనక్కి తిప్పారు. బండి మా వాకిట్లో ఆగినప్పుడు అమ్మ తలలో పొద్దున తురుముకున్న పూలు అలాగే ఉన్నాయి. ఎవరో ఆడమనిషి వచ్చి వాటిని తీసేసింది.

చావు తంతులన్నీ అయ్యేదాకా ఊరు ఆగింది. అంతమాత్రం మర్యాద ఊరికి ఉంది. ఆ తర్వాత ఊరి పెద్దా, ఇంకో నలుగురూ మా వాకిట్లోకి వచ్చి కూర్చున్నారు. మనుషుల మీద పగ లేదన్నారు. చంపిన కుక్కను ఊళ్లో ఉంచడానికి మాత్రం వీల్లేదన్నారు. అది ఏ కుక్క అన్నదానిలో వాళ్లకు అనుమానమే లేదు.

"నేనే చూసినానప్పా. ఆ తెల్లకన్ను తిప్పి నాపక్క కూడా చూసినాది," అన్నాడొకడు.

"ఎద్దు నిలిచిపోయినాదంటే మామూలు చూపుకా? ఆ కంటికే," అన్నాడు ఇంకొకడు.

పిచ్చికుక్కని పేరుపెట్టి చంపాలనుకున్నవాళ్లకు సాక్ష్యాలకు కరువా. ఎండుచేపల దండ పోగొట్టుకున్న ఊరి పెద్ద భార్య కూడా సందులో నిలబడి తల ఊపుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. వసారాలోంచి కేకవేశాను. "అది నా తావనే ఉండింది! గొలుసేసి కట్టేసి ఉండింది! నా ఒళ్లో తలపెట్టుకోనుండింది!"

"ఆడబిడ్డ, ప్రేమకొద్దీ చెప్తాది," అన్నాడు ఊరి పెద్ద, నన్ను చూడకుండానే. అమ్మవైపు తిరిగాడు. "ఇదో చూడమ్మా, పోయినోడు నీ తమ్ముడు. ఊరు నీ పక్కనే ఉండాది. ఏ కుక్కో నువ్వు చెప్తే సరి."

నాయన తల ఎత్తాడు. నోరు తెరిచాడు. ఆయన నిజం చెప్పబోయాడని నేను ఇప్పటికీ అనుకుంటాను. నల్లోడే అది, నేనే కట్టెయ్యలేదు అని చెప్పడానికి కావలసిన ఊపిరి తీసుకోవడం నేను చూశాను. అమ్మ కూడా చూసింది. ఆయన కన్నా ముందే మాట్లాడింది.

"ఆ కంటిదే," అంది. "తోల్కపోండి."

నేను గొలుసు పట్టుకున్నాను. అమ్మ వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. కొట్టలేదు, తిట్టలేదు. గాజుకన్నుకు అదంతా ఆటలా ఉంది. ఎవరో బెల్లంముక్క చూపిస్తే తోక ఆడించుకుంటూ, గొలుసు ఈడ్చుకుంటూ వాళ్ల ముందే నడిచింది. ఏటి ఇసుకలోకి తీసుకువెళ్లి కర్రలతో కొట్టారు. ఏరు మాకు దూరం కాదు, అన్నీ వినిపించాయి. దొరసాని తుపాకీకి అయితే ఒక్క గుండుతో పోయేది. ఆ మాట నాయనతో అన్నాను. ఆయన లేచి దొడ్లోకి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర అమ్మను అడిగాను. "అబద్ధం ఎందుకు చెప్పినావు?"

ఆమె సంగటి కెలుకుతూనే ఉంది. "నల్లోణ్ణి ఇచ్చేస్తే మీ నాయన దేంతో గొర్రెలు తోలతాడు? మీరేం తింటారు? కట్టెయ్యకుండా పోయినాడని తెలిస్తే ఊళ్లో మనకు నిప్పూ నీళ్లూ పుట్టనిస్తారా? తిండిదండగది పోయినాది. పోనీ."

"చంపింది మామను. నీ తమ్ముణ్ణి."

"నాకు తెలీదా?" అంది. సంగటి తెడ్డు నా మీదికి ఎత్తింది, మళ్లీ దించింది. "నువ్వు చెప్పాల్నా నాకు?"

నేను ఆమెతో మాట్లాడడం మానేశాను. మామ పోయిన దుఃఖం కన్నా గాజుకన్ను పోయిన కోపమే నాలో ఎక్కువ కాలం ఉంది. ఇందులో నాకు సిగ్గేమీ లేదు. మామను ఎద్దు తొక్కింది. గాజుకన్నును మా అమ్మ ఇచ్చింది.

ఇంతా చేసి బతికించుకున్న నల్లోడు ఎందుకూ పనికిరాకుండా పోయాడు. సాయిబుల దగ్గర్నుంచి మంద తోలమని కబురు వచ్చింది. నాయన వాణ్ణి వెంటబెట్టుకుని ఏటిగట్టుకు పోయాడు, నేనూ వెళ్లాను. నాయన వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు. గాలి వచ్చింది, ఈల రాలేదు. తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. వేళ్లు వణికాయి, పెదాలు వణికాయి, ఉమ్మి కారింది. నల్లోడు పొట్ట నేలకానించి ఆయన నోటివైపే చూస్తూ ఎదురుచూశాడు. ఈలోగా గొర్రెలు ఎవరిదో వేరుశెనగ చేలో పడ్డాయి. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. ఆ నోటికి ఇక ఈల రాదని మాకందరికీ అర్థమైంది. నాయన వసారాలో గోడకానుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు.

సాయిబులు వేరేవాళ్లను పెట్టుకున్నారు. రాగుల కుండ అడుగు కనిపించింది. ముసల్ది ఆ ఎండాకాలమే గడప పక్కన పడుకుని లేవలేదు. పిరికిది పలక శబ్దం విన్న రోజు నుంచి గాదె వెనకే ఉండిపోయింది, చెల్లెలు సంగటి అక్కడికే తీసుకెళ్లేది. నల్లోడు మాత్రం నాయన ఎదుట కూర్చుని పెదాల వైపు చూసేవాడు. ఆయన ముఖం పక్కకు తిప్పుకుంటే లేచి ఆ పక్కకు వెళ్లి కూర్చునేవాడు. ఆ చూపు భరించలేక నాయన తువ్వాలు ముఖం మీద కప్పుకునేవాడు. గాజుకన్నును దేనికోసం బలిపెట్టారో అదీ దక్కలేదని నేను లోపల్లోపల సంతోషించిన రోజులు కూడా ఉన్నాయి.

ఒక పొద్దున దొడ్లోంచి ఏదో ఉఫ్ ఉఫ్‌మని వినిపించింది. వెళ్లి చూస్తే అమ్మ నోట్లో రెండు వేళ్లు పెట్టుకుని ఊదుతోంది. నన్ను చూసి కూడా ఆపలేదు. ఆ రోజంతా ఊదింది, మర్నాడూ ఊదింది. పెదాల చివరలు పగిలి రక్తం వచ్చింది. మొదటిసారి నిజమైన ఈల వచ్చిననాడు పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది.

"ఇదేం పనమ్మా? ఆడది ఈలేస్తే ఇంటికి అరిష్టం గాదా!"

"ఇంకా రావాల్సిన అరిష్టం ఏముండాదక్కా?" అంది అమ్మ.

ఊరు నవ్వింది. పిల్లలు ఆమె వెనక ఈలలు వేశారు. ఆమె వాళ్ల వైపు తిరగనైనా లేదు. తోలుషాపు సాయిబు ఇంటి ముందు పొద్దంతా నిలబడి, ఒక్క మంద ఇచ్చి చూడమని అడిగి, ఇప్పించుకుంది. తోడుకు నన్ను రమ్మంది. మాట్లాడకపోయినా వెళ్లాను. ఆకలికి కోపం ఉండదు.

ఏటి ఇసుకలో గొర్రెలు చెదిరి ఉన్నాయి. కొన్ని ఈ గట్టున, కొన్ని ఆ గట్టున. మామను మోసుకుపోయిన బండిదారి అవతల కనిపిస్తోంది. అమ్మ కొంగు నడుముకు దోపుకుంది. వేళ్లు నోట్లో పెట్టుకుని రెండు పొట్టి ఈలలు వేసింది.

నల్లోడు ఒక్క క్షణం నమ్మలేనట్టు ఆమెను చూశాడు. తర్వాత బాణంలా పోయాడు. దూరంగా చుట్టు తిరిగి, అన్నిటికన్నా చివరి గొర్రెను దాటి, ముందుకు పోయి అణిగి కూర్చున్నాడు. గొర్రెలు ఆగాయి. తిరిగాయి. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, ఒక్కటీ తప్పకుండా, ఇసుక మీదుగా మా దగ్గరికి వచ్చాయి. అన్నిటినీ ఆమె ముందు నిలబెట్టి, వాడు ఆమె కాళ్ల దగ్గర పడుకుని, నాలుక వేలాడేసి పైకి చూశాడు. వాడు అంత సంతోషంగా ఉండడం నేను ఎన్నడూ చూడలేదు.

అమ్మ వాణ్ణే చూసింది.

"నా తమ్ముడిమీదికి ఎద్దును కూడా ఇట్టనే తోల్కొచ్చినావు గదరా," అంది.

నల్లోడు ఆమె పెదాల వైపే చూస్తున్నాడు, తర్వాత ఏం చెయ్యమంటుందోనని. వేలూరు ఇంకా చాలా దూరం ఉంది. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్లీ వేళ్లు నోట్లో పెట్టుకుంది.